బోధింప వచ్చి నేర్చుకొనినవాడు

జగదల్‌పూరు నుండి వచ్చు బాట గీదము నొద్ద చీలి, ఒకటి దంతేవాడకును మరియొకటి బీజాపూరునకును పోవును. ఈ దక్షిణ బస్తరు సీమ దండామి మారియల నివాసము. అడవిదున్న కొమ్ముల తలపాగాతో నృత్యము చేయు ఈ జనులు మన గోదావరి తీరపు కోయలకు దగ్గర జాతివారు. వీరినిగూర్చి శ్రద్ధతో వ్రాసిన ఆంగ్లేయుడు వెరియర్ ఎల్విన్.

ఆయన 1902లో ఇంగ్లాండులోని డోవరు పట్టణమున జన్మించెను. తండ్రి ఆఫ్రికాలో బిషప్పు. ఆక్స్‌ఫర్డులో ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడై, గురువుగా అభిషేకము పొంది, ఎల్విన్ 1927లో పూనాలోని క్రీస్తు సేవా సంఘమునకు వచ్చెను. 1932లో మిత్రుడు శ్యామరావు హివాలేతో కలిసి, మైకల కొండలలోని కరంజియా అను గోండు గ్రామమున మట్టియింట కాపురముండెను. అచ్చట వారు బడులు, వైద్యశాల, కుష్ఠరోగులకు ఆశ్రమము నడిపిరి.

పరదేశమున తిండి, ఇల్లు, భాష మార్చుకొనుట కష్టమే. మనస్సు మార్చుకొనుట అంతకంటె కష్టము. సంస్కరింప వచ్చిన ఎల్విన్ గోండుల పాటలను, కథలను వినుచు వారి శిష్యుడాయెను. దానికి ఆయన వెల చెల్లించెను. గాంధీగారితోడి స్నేహము వలన ప్రభుత్వము ఆయనను అనుమానించెను. నాగపూరు బిషప్పుగారు గురుపరిచర్యకు అనుమతి నీయలేదు. గోండులను మతము మార్పించుట తన పని కాదని తలంచి 1935లో ఆయన సంఘమును విడిచెను. 1940లో గోండు యువతి కోసీని వివాహమాడెను. 1949లో ఆ వివాహము రద్దాయెను. వేరొక జనులతో ఏకమగుట సులభమని ఆయన జీవితము చెప్పదు.

ఆయన నేర్చుకొనినది బస్తరులో ఫలించెను. మారియలు స్వభావముచేతనే హంతకులని అనేకులు తలంచుచుండిరి. ఎల్విన్ తీర్పు తీర్చక, 100 హత్య కేసులను పరిశీలించి 1943లో గ్రంథము ప్రకటించెను. కుటుంబ కలహము, మంత్రప్రయోగ భయము, మద్యము, క్షణికావేశము అను కారణములను అందులో చూపెను. చెరసాలలో మగ్గు ఆదివాసుల యెడల దయ చూపవలెనని కోరెను.

స్వాతంత్ర్యానంతరము ఆయన భారత పౌరుడాయెను. 1954 నుండి ఈశాన్య సరిహద్దు ప్రాంత గిరిజనుల విషయమున ప్రభుత్వమునకు సలహాదారుగా పనిచేసెను. 1961లో పద్మభూషణ్ పొంది, 1964 ఫిబ్రవరి 22న ఢిల్లీలో మరణించెను.

ప్రియ చదువరులారా, సంఘమును విడిచిన ఆయన నిర్ణయము మనలను దుఃఖపెట్టవచ్చును. అయినను, చెరలోనున్న మారియను హంతకుడని పిలువక మునుపు అతని మాట వినిన ఆ ఓర్పు మనకున్నదా? అన్య జనుల మధ్యకు సేవకై వెళ్లగోరు మన యువజనులు మూటలో ముందుగా పెట్టుకొనవలసినది ఆ ఓర్పే. దూరదేశము పోనివారికిని అది అవసరమే. మన పొరుగువాని గుమ్మము దాటుటకును అదియే కావలెను.