కుళాయి నీళ్లు నేర్పిన పాఠం



వాంతులు, విరేచనాలతో నీరసించిన పిల్లలను ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు ఎక్కించే సెలైన్లలో 'రింగర్ లాక్టేట్' ఒకటి. మనమంతా 'ఆర్‌ఎల్' అంటుంటాం. అందులోని రింగర్ ఒక డాక్టరు పేరు.

సిడ్నీ రింగర్ 1835లో ఇంగ్లండ్‌లోని నార్విచ్‌లో పుట్టారు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో వైద్యం చదివి, అక్కడి ఆసుపత్రిలోనే డాక్టరుగా, ప్రొఫెసరుగా స్థిరపడ్డారు. రోగులను చూడగా మిగిలిన సమయం ల్యాబ్‌లో గడిపేవారు. శరీరం నుంచి వేరుచేసిన కప్ప గుండెకు ఏ ద్రావణం అందిస్తే అది ఎక్కువసేపు కొట్టుకుంటుంది? ఇదీ ఆయన ప్రశ్న.

1882లో, డిస్టిల్డ్ వాటర్‌తో చేసిందనుకున్న ఉప్పు ద్రావణం వాడి, వచ్చిన ఫలితాలను ఒక సైన్సు పత్రికలో ప్రచురించారు. ఆ తర్వాత అసలు సంగతి తెలిసింది. వాడినది డిస్టిల్డ్ వాటర్ కాదు, లండన్ కుళాయి నీళ్లు! నిజమైన డిస్టిల్డ్ వాటర్‌తో ద్రావణం చేసి చూస్తే గుండె త్వరగా నీరసించి ఆగిపోయింది.

అప్పటికే పేరున్న డాక్టరు. ఊరుకుంటే అడిగేవారు ఎవరూ లేరు. కానీ 1883లో అదే పత్రికలో, తన మొదటి ప్రయోగాల్లో పొరపాటు జరిగిందని ఆయనే రాశారు. తప్పును ఎవరి మీదకూ నెట్టలేదు. కుళాయి నీళ్లలో ఏముందని వెతికారు. పది లక్షల భాగాల్లో దాదాపు 38 భాగాలు కాల్షియం ఉంది. గుండె కొట్టుకోవడానికి ఆ కాస్త కాల్షియం తప్పనిసరి అని అలా లోకానికి తెలిసింది.

సోడియం, పొటాషియం, కాల్షియం లవణాలు సరైన పాళ్లలో కలిసిన ఆ నీరే 'రింగర్ ద్రావణం'. ల్యాబుల్లో జీవకణాలను బతికించి ఉంచే టైరోడ్, హ్యాంక్స్ ద్రావణాలకు అదే మూలం. 1930లలో అమెరికా పిల్లల డాక్టరు అలెక్సిస్ హార్ట్‌మన్ దానికి లాక్టేట్ చేర్చారు. అదే నేటి ఆర్‌ఎల్.

రింగర్ 1910లో కన్నుమూశారు.

మీ అబ్బాయో అమ్మాయో ప్రాక్టికల్ రికార్డులో తప్పు ఫలితం రాసుకొచ్చి దిగులుగా కూర్చుంటే, పక్కవారి రికార్డు చూసి దిద్దుకోమనకండి. ఎక్కడ తేడా వచ్చిందో పక్కన కూర్చుని అడగండి. మార్కులు ఒకటి రెండు తగ్గినా, వెతకడం అలవాటవుతుంది.