చమురు బావుల మాలవీయ గారు

శ్రీ కేశవదేవ్ మాలవీయ గారు 1904లో జన్మించారు. విదేశీ కంపెనీల మీద ఆధారపడక చమురు తవ్వే విద్య మనవాళ్లే నేర్వాలని పట్టుబట్టి, రష్యా సాయంతో 1956లో చమురు, సహజవాయు కమిషన్‌ను నిలబెట్టారు. 1958లో కాంబేలో, 1960లో అంకలేశ్వర్‌లో చమురు పడింది. 1963లో మంత్రి పదవి వదులుకున్నారు. 1981లో కన్నుమూశారు.

మా రోలుగుంటలో బోరు వేస్తే నీరు పడుతుందా లేదా అన్నదే బెంగ. చమురు బావిలో అసలు బెంగ అడుగుపొరల ఒత్తిడి. దానిని సరిగ్గా అంచనా కట్టి, తగిన బరువున్న బురదను బావిలోకి పంపుతూ తవ్వాలి. బరువు చాలకపోతే గ్యాస్ ఎగదన్నుతుంది, మించితే రాతిపొర పగులుతుంది. పంపినదానికన్నా తిరిగొచ్చే బురద ఎక్కువైతే ప్రమాదమే! 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడిలో బావి అదుపు తప్పింది. 65 రోజులు మండింది. పత్రికలో ఆ మంటలు చూసి నేను మాలవీయ గారినే తలచుకున్నాను. డెహ్రాడూన్‌లోని చమురు అన్వేషణ సంస్థకు ఆయన పేరే పెట్టారు.