జపాన్ మొత్తం జేజేలు కొట్టిన వస్తాదు.. చివరిదాకా దాచుకున్న నిజం! ఎవరీ రికిడోజాన్?

ఆసియా పేరుతో నడిచే ఓ కుస్తీ బెల్ట్ ఉంది. జపాన్ ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో ఇప్పటికీ నడుస్తున్న టైటిళ్లలో అన్నిటికంటే పాతది ఇదే. పేరు ఆల్ ఏషియా ట్యాగ్ టీమ్ ఛాంపియన్‌షిప్. 1955లో మొదలైంది. తొలిసారి దాన్ని గెలిచిన జోడీలో ఒకరు మన భారతీయుడే! ఆ రోజు ఓడిపోయింది మాత్రం జపాన్ జనం నెత్తిన పెట్టుకున్న హీరో రికిడోజాన్. ఆసియా బెల్ట్ కోసం పోరాడిన ఆయన, తాను ఆసియాలో ఏ గడ్డ మీద పుట్టారో మాత్రం బయటకు చెప్పలేకపోయారు.

రికిడోజాన్ అసలు పేరు కిమ్ సిన్ రాక్. 1924లో ఇప్పటి ఉత్తర కొరియా ప్రాంతంలో పుట్టారు. అప్పట్లో కొరియా మొత్తం జపాన్ ఏలుబడిలో ఉండేది. కుర్రాడి బలం చూసి సుమో కుస్తీ కోసం జపాన్ తీసుకెళ్లారు. 1940లో బరిలోకి దిగారు. అక్కడ కొరియా వాళ్లంటే చిన్నచూపు. అందుకే నాగసాకి జిల్లా ఒమురాకు చెందిన మొమోటా కుటుంబం బిడ్డగా ఆయన్ని లోకానికి పరిచయం చేశారు. అసలు పేరు అక్కడితో మరుగున పడిపోయింది.

సుమోలో ఆయన సెకివాకే దాకా ఎదిగారు. అది పై నుంచి మూడో స్థాయి. కానీ 1950లో ఉన్నట్టుండి తన జుట్టు ముడి తానే కోసేసుకుని సుమోకు గుడ్‌బై చెప్పేశారు. డబ్బు గొడవలే కారణమని కొందరంటారు, కొరియా పుట్టుక వల్ల ఎదురైన వివక్షే కారణమని మరికొందరంటారు. మరుసటి ఏడాదే ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లోకి వచ్చారు. హవాయి వెళ్లి శిక్షణ తీసుకుని, 1953లో సొంత సంస్థ పెట్టారు.

ఇక్కడే సీన్ మారింది. ప్రపంచ యుద్ధంలో ఓడిపోయి, ఏళ్ల తరబడి అమెరికా సైన్యం నీడలో బతికిన జనం వాళ్లు. 1954 ఫిబ్రవరిలో టోక్యోలో షార్ప్ సోదరులతో ట్యాగ్ మ్యాచ్ పెట్టారు. రికిడోజాన్‌కు జోడీ జూడో వీరుడు కిమురా మసాహికో. ట్యాగ్ అంటే ఇద్దరితో ఇద్దరు తలపడటం. జట్టుకు ఒక్కరే రింగులో ఉండాలి. అలసిపోతే బయటున్న జోడీ చేతిని తాకాలి, అప్పుడే అతను లోపలికి రావాలి. టీవీ కొనే స్తోమత ఎవరికీ లేదు. వీధుల్లో పెట్టిన టీవీల ముందు జనం గుంపులుగా నిలబడి చూశారు. షార్ప్ సోదరులు నిజానికి కెనడా వాళ్లు. కానీ జనం కళ్లకు వాళ్లు అమెరికన్లే. రికిడోజాన్ చేత్తో కొట్టే ఒక్కో దెబ్బకు వీధులు ఊగిపోయాయి.

ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో ఫలితం ముందే అనుకుని ఆడతారు. జోడీగా ఉన్నప్పుడు ఓడిపోయే వంతు ఎప్పుడూ తనకే వస్తోందని కిమురా మండిపడ్డారు. ఇద్దరి మధ్య సవాల్ నడిచింది. 1954 డిసెంబర్ 22న ఎదురెదురుగా దిగారు. మ్యాచ్ డ్రా చేయాలని ముందే మాట అనుకున్నామని కిమురా తర్వాత చెప్పారు. కానీ మధ్యలో రికిడోజాన్ నిజంగానే విరుచుకుపడ్డారు. కిమురా కుప్పకూలిపోయారు. గెలుపు దక్కింది, మచ్చ కూడా మిగిలింది.

ఏడాది తిరిగేసరికి ఆసియా బెల్టులు వచ్చాయి. 1955 నవంబర్‌లో టోక్యోలో జరిగిన ట్యాగ్ ఫైనల్లో రికిడోజాన్, హెరాల్డ్ సకాటా జోడీని కింగ్‌కాంగ్, టైగర్ జోగిందర్ సింగ్ ఓడించారు. కింగ్‌కాంగ్ అంటే మన దారాసింగ్‌తో తలపడిన ఆ భారీ వస్తాదే. పుట్టింది హంగరీలో. ఇక సకాటా తర్వాత జేమ్స్‌బాండ్ సినిమా గోల్డ్‌ఫింగర్‌లో టోపీ విసిరే విలన్‌గా కనిపించారు. అదే నెలలో కింగ్‌కాంగ్‌ను ఓడించి రికిడోజాన్ సింగిల్స్ ఆసియా బెల్ట్ పట్టేశారు. ట్యాగ్ బెల్ట్ మాత్రం ఆ తర్వాతి ఏళ్లలో టోయోనోబోరితో కలిసి గెలుచుకున్నారు. ఆ జోడీ కూడా సుమో నుంచి వచ్చినవారే.

1958లో లాస్ ఏంజిలస్‌లో లూ థెజ్‌పై గెలుపుతో ఆయన పేరు మార్మోగింది. 1963 మేలో డిస్ట్రాయర్‌తో జరిగిన మ్యాచ్‌కు 64 శాతం టీవీ రేటింగ్ వచ్చింది. అయినా రహస్యం రహస్యంగానే ఉంది. తనను వెతుక్కుంటూ కొరియా నుంచి వచ్చిన కిమ్ ఇల్‌ను శిష్యుడిగా చేర్చుకున్నారు. కానీ అతణ్ని కూడా ఓకి కింటారో అనే జపాన్ పేరుతోనే రింగులోకి దింపారు. 1963 జనవరిలో దక్షిణ కొరియా వెళ్లొచ్చారు. అప్పటికే కొరియా రెండు ముక్కలైపోయింది. పుట్టిన ఊరు గీతకు అవతల ఉండిపోయింది.

అదే ఏడాది డిసెంబర్ 8న టోక్యోలోని ఓ నైట్‌క్లబ్‌లో గొడవ. యాకుజా ముఠా సభ్యుడు ఒకడు కత్తితో పొడిచాడు. వారానికి, డిసెంబర్ 15న రికిడోజాన్ కన్నుమూశారు. వయసు 39. ట్యాగ్ బెల్ట్ ఖాళీ అయింది. 1964లో దాన్ని టోయోనోబోరితో కలిసి శిష్యుడు జెయింట్ బాబా గెలిచారు. బాబా 1972లో పెట్టిన ఆల్ జపాన్ సంస్థలోనే ఆ బెల్ట్ ఇప్పటికీ నడుస్తోంది.

ఇంకో శిష్యుడు ఆంటోనియో ఇనోకి. 1995 ఏప్రిల్‌లో ఆయన రెజ్లర్లను వెంటబెట్టుకుని ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్ వెళ్లి, కిక్కిరిసిన మే డే స్టేడియంలో కుస్తీ పోటీలు పెట్టారు. జపాన్‌లో పుట్టుక దాచుకుని బతికిన రికిడోజాన్‌ను అప్పటికే అక్కడివాళ్లు తమ బిడ్డగా, తమ వీరుడిగా చెప్పుకుంటున్నారు.