అరుగు మీది మాటలు

రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్ గారు 1891లో అమెరికా దక్షిణాదిన, అలబామాలో, ఒక బాప్తిస్టు బోధకుని ఇంట జన్మించారు. ఫ్లోరిడాలోని ఈటన్‌విల్ అనే నల్లజాతివారి ఊరిలో పెరిగారు. అక్కడ కొట్టు అరుగు మీద పెద్దలు చెప్పుకొనే కథలు, తండ్రిగారి ప్రసంగాల లయ ఆమె చెవిలో నిలిచిపోయాయి. 1904లో తల్లి మరణించారు. తరువాత ఇళ్ళలో పనిచేసి చదువుకున్నారు. 1942లో వెలువడిన స్వీయచరిత్ర ‘డస్ట్ ట్రాక్స్ ఆన్ ఎ రోడ్’లో ఆ అరుగు మాటల నుడికారమే వినిపిస్తుంది. ఆమె రచనలలోని యాస తమ జాతికి చిన్నతనమని చదువుకున్నవారు కొందరు ఆక్షేపించినా, ఆమె దానిని విడువలేదు. 1960లో పేదరికములో కన్నుమూశారు. సమాధికి రాయి కూడా లేదు; 1973లో రచయిత్రి ఆలిస్ వాకర్ వేయించారు.

పరాయి భాషల నడుమ నివసించే మనము మన అవ్వల తెలుగును చూచి సిగ్గుపడుచున్నామా? వారి సాక్ష్యములను, వారుండగానే, వారి మాటలలోనే వ్రాసి ఉంచుకొందము.