శ్రీమతి మేరీ క్యూరీ

రేడియమును కనుగొనిన విదుషీమణిగా శ్రీమతి మేరీ క్యూరీని ఎరుగనివారు అరుదు. 1867లో వార్సా నగరమున జన్మించి, పారిసున విద్యనభ్యసించి, 1903లోను 1911లోను నోబెలు బహుమానము నందిన ఆమె కీర్తిని మరల వర్ణింప మేము పూనుకొనలేదు. 1914లో ఆరంభమైన మహాయుద్ధమున ఆమె చేసిన యొక పనిని మాత్రము సభాసదులకు విన్నవించెదము.

ఎక్సుకిరణములు 1895లోనే కనుగొనబడినను, యుద్ధము వచ్చునాటికి ఫ్రాన్సు సైనిక వైద్యశాలలలో ఆ యంత్రములు మిక్కిలి తక్కువ. గాయపడినవాని దేహమున గుండు ఎచ్చట దాగినదో తెలియక వైద్యులు కండను కోసి వెదకవలసి వచ్చుచుండెను. రోగిని యంత్రమున్న పట్టణమునకు చేర్చులోపల గాయము చీముపట్టుచుండెను. యంత్రమునే రోగి కడకు కొనిపోవలెనని క్యూరీ నిశ్చయించెను. కాని రణరంగము చెంతనున్న వైద్యశాలలు పెక్కింటికి విద్యుచ్ఛక్తియే లేదు! అందుచే మోటారుబండిలో ఎక్సుకిరణ నాళమును, మడతబల్లను, ఛాయాచిత్ర ఫలకములను, గది చీకటిచేయుటకు నల్లని తెరలను అమర్చి, బండి ఇంజనుతోనే డైనమో త్రిప్పి విద్యుత్తు పుట్టించు ఏర్పాటు గావించెను.

ద్రవ్యమెక్కడిది? మొదటి బండికి ఫ్రెంచి స్త్రీల సంఘమొకటి ధనమొసగెను. తక్కినవానికై ఆమె సంపన్నుల యిండ్లకు పోయి, యుద్ధానంతరము తిరిగి యిచ్చెదనని చెప్పి, వారి బండ్లను అడిగి తెచ్చెను. స్వభావముచేత మితభాషిణి యైన ఆమెకు ఇది ఎంత కష్టమో, చందాపట్టీలు చేతబూని తిరిగిన మావంటివారు ఊహింపగలరు. ఇట్లు సమకూడిన బండ్లు సుమారు 20; వైద్యశాలలలో నెలకొల్పిన ఎక్సుకిరణ శాలలు 200. పదిలక్షలకు పైబడిన పరీక్షలు వీనివలన జరిగెను.

యంత్రమున్నను నడపువారు లేరు. ఆమె తానే శరీరశాస్త్రము చదివి, బండి నడుపుట నేర్చి, సుమారు 150 మంది స్త్రీలకు ఈ విద్య గరపెను. పదునేడేండ్ల కుమార్తె ఐరీను తల్లివెంట రణరంగమునకు పోయెను. కొందరు శస్త్రవైద్యులు మొదట ఈ కిరణములను విశ్వసింపలేదు. చూపిన చోటనే గుండు దొరకిన పిదప మారుపలుకలేదు.

ఆ దినములలో కిరణములనుండి రక్షణము స్వల్పము. క్యూరీ 1934 జూలై 4న రక్తక్షీణతచే మరణించెను. 1995లో ఆమె అవశేషములను పారిసులోని పాంథియనునకు తరలించినపుడు పరీక్షించినవారు, రేడియముకంటె యుద్ధకాలపు ఎక్సుకిరణములే ఆ వ్యాధికి కారణమై యుండవచ్చునని తలచిరి.