పానగల్ రాజా: జమీందారు చేతి శాసనం

పెండ్లి పట్టుచీరల కోసం చెన్నై త్యాగరాయనగరానికి వెళ్లే సరిహద్దు గ్రామాల కుటుంబాలకు పానగల్ పార్కు సుపరిచితమే. ఆ పేరు గల మనిషి తెలుగువాడనీ, మదరాసు రాజధానిని అయిదేళ్లకు పైగా పాలించాడనీ ఎరిగినవారు మాత్రం అరుదు.

పానగంటి రామారాయణింగారు 1866 జూలై 9న కాళహస్తిలో వెలమ జమీందారీ వంశంలో జన్మించారు. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు. కాళహస్తి ఉత్తర ఆర్కాటులో భాగం. తెలుగూ తమిళమూ కలగలిసి వినిపించే సీమ అది. ఆయన మదరాసు తిరువల్లిక్కేణిలోని హిందూ ఉన్నత పాఠశాలలోనూ, ఆ తరువాత ప్రెసిడెన్సీ కళాశాలలోనూ చదివి, సంస్కృతంలోనూ ద్రావిడ భాషలలోనూ గట్టి పాండిత్యం సంపాదించారు. 1912లో భూస్వాముల ప్రతినిధిగా కేంద్ర శాసనమండలికి వెళ్లారు. 1915లో విశాఖపట్నంలో జరిగిన ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు.

1916లో పుట్టిన జస్టిస్ పార్టీ ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. జనాభాలో నూటికి ముగ్గురు నలుగురైన బ్రాహ్మణులే సర్కారు కొలువులలో అత్యధిక భాగం ఆక్రమించి ఉండడం ఆ పార్టీ ఆవేదన. ఆవేదన న్యాయమైనదే. అయితే దానిని వినిపించినవారు జమీందారులు, వర్తకులు, వకీళ్లు. 1920 ఎన్నికలలో ఓటు హక్కు ఆస్తిపరులకే దక్కింది. ఎన్నిక ద్వారా నింపే 98 స్థానాలలో 63 ఆ పార్టీకి వచ్చాయి. కూలివాడికీ కౌలుదారుకూ ఆ ఎన్నికలో నోరు లేదు.

1921 జూలైలో రామారాయణింగారు ముఖ్యమంత్రి అయ్యారు. ఆయనతో పాటు బరంపురానికి చెందిన ఏ.పి. పాత్రో, కె.వి. రెడ్డినాయుడు మంత్రులు. ముగ్గురూ తెలుగు ప్రాంతాలవారే కావడం తమిళ సభ్యులకు మింగుడుపడలేదు. 1923 ఎన్నికల తరువాత రెడ్డినాయుడు స్థానంలో శివజ్ఞానం పిళ్లై వచ్చారు. ఆ నవంబరులోనే చిత్తూరు సీమకు చెందిన కట్టమంచి రామలింగారెడ్డి పెట్టిన అవిశ్వాస తీర్మానం 44కు 65 ఓట్లతో వీగిపోయింది. ఆ కట్టమంచివారే 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షులు కావడం, అప్పటికి రాజావారి మంత్రివర్గమే అధికారంలో ఉండడం గమనించదగినది.

1921 సెప్టెంబరులో వెలువడిన ఉత్తర్వు కొలువుల నియామకాలలో వివిధ వర్గాలకు పాలు కల్పించే విధానానికి నాంది పలికింది. 1922లో మరొకటి వచ్చింది. వంతుల లెక్క స్థిరపడింది 1927లో. అప్పటికి ఆయన పదవిలో లేరు. ఈ విధానాన్నే 1951లో సుప్రీంకోర్టు చెంపకం దొరైరాజన్ కేసులో కొట్టివేసింది. అది కళాశాలల సీట్ల తగవు. ఆ తీర్పు ఫలితంగానే రాజ్యాంగానికి మొదటి సవరణ వచ్చింది. సమానత్వమంటే అందరినీ ఒకే కొలతతో కొలవడమా, వెనుకబడినవారికి ఎక్కువ కొలవడమా అన్న ప్రశ్న న్యాయస్థానానికి చేరిన దారిలో మొదటి మెట్టు ఆ 1921 కాగితం.

అంతకంటె సాహసం దేవాలయాల చట్టం. 1817 నాటి రెగ్యులేషన్ గుళ్ల ఆస్తులను రెవెన్యూ బోర్డు కనుసన్నలలో ఉంచింది. 1863లో కంపెనీ వారసులైన దొరలు మాకెందుకని చేయి దులుపుకున్నారు. అటు పిమ్మట మాన్యాలు ఎవరి చేతిలో పడ్డాయో, దీపధూపాలకు రాసిన పొలం ఎవరి ఇంటి గాదె నింపిందో చెప్పేవాడు లేడు. 1922 చివర రాజావారు బిల్లు ప్రవేశపెట్టారు. పర్యవేక్షణకు బోర్డు, లెక్కల తనిఖీ, ధర్మకర్తల జవాబుదారీ దాని సారం. ధర్మంలో ప్రభుత్వం వేలు పెడుతోందని మఠాధిపతులూ సనాతనులూ మండిపడ్డారు. గుడి సొమ్ము దేవునిదైతే దానికి లెక్క అడగడం భక్తికి విరుద్ధం కాదన్నది చట్టం వెనుక ఉన్న తర్కం. చట్టం 1925లో అమలులోకి వచ్చింది. ఆమోదించిన విధానంపై న్యాయవివాదం రేగడంతో 1927లో తిరిగి చేయవలసి వచ్చింది. పూజావిధిలో జోక్యం కూడదు, ఆస్తి నిర్వహణను చట్టం క్రమబద్ధం చేయవచ్చునన్న విభజనను 1954 శిరూరు మఠం తీర్పులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మదరాసు రాజధానిలో నాటి ఆ విత్తనమే నేటి దేవాదాయ శాఖలకు మూలం.

దళితుల విషయంలో ఈ వెలుగు మసకబారింది. 1921 బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల సమ్మె, పులియంతోపు అల్లర్ల వేళ పార్టీ నాయకుల వైఖరి అంటరానివారుగా బతికిన జనాన్ని గాయపరిచింది. వారి నాయకుడు ఎం.సి. రాజా 1923లో పార్టీని వీడారు. బ్రాహ్మణేతరుల పేరిట తెరిచిన తలుపు ఆ పేటలదాకా రాలేదని ఆయన అభియోగం. దానికి జవాబు చెప్పడం నేటికీ కష్టమే.

1926 ఎన్నికలలో పార్టీ ఓడింది. 1928 డిసెంబరు 16న రాజావారు కన్నుమూశారు. ఆయన పాలనలోనే రూపుదిద్దుకున్న పేటకు పార్టీ పెద్ద త్యాగరాయ శెట్టి పేరు, నడుమ తోటకు ఆయన పేరు నిలిచాయి.