బంతి ఎవరిది? – సయ్యద్ అబ్దుల్ రహీంగారి జీవితము

ఒక ఆటకు యజమాని ఎవరని అడిగినచో వెంటనే సమాధానము చెప్పుట కష్టము. బంతిని కొన్నవాడా? మైదానమును ఇచ్చినవాడా? చెమటోడ్చి ఆడువాడా? టిక్కెట్టు కొని, ఎండలో కూర్చుండి, గొంతు బొంగురుపోవువరకు కేకలు వేయువాడా? ఈ ప్రశ్న ఐరోపా దేశములందు చిరకాలముగా నలుగుచున్నది. మన హైదరాబాదు నగరమునకు ఇది ఇటీవలనే చేదు అనుభవమైనది. ఆ చేదును చక్కగా గ్రహింపవలెనన్న, అదే నగరమున పుట్టి, బడిపంతులుగా బ్రతికి, భారతదేశపు ఫుట్‌బాలును ఆసియాఖండమున అగ్రస్థానమున నిలిపిన సయ్యద్ అబ్దుల్ రహీంగారి జీవితమును ముందుగా తెలిసికొనవలెను.

రహీంగారు 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టభద్రులై ఉపాధ్యాయవృత్తిని చేపట్టిరి. కాచిగూడ మాధ్యమిక పాఠశాలలోను, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలలోను పనిచేసిరి. వ్యాయామవిద్యలో డిప్లొమా పొంది, పిల్లల చదువుతోపాటు వారి ఆటల భారమును గూడ వహించిరి. ఆయనకు జమీ లేదు, జాగీరు లేదు, వ్యాపారము లేదు. తరగతిగదిలో అలవడిన ఓర్పు, క్రమశిక్షణ, ప్రతి పిల్లవాని లోపమును వేరువేరుగా కనిపెట్టు చూపు, ఇవియే ఆయన ఆస్తి.

1943లో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శి అయిరి. మరణపర్యంతము, అనగా 20 సంవత్సరములు, ఆ పదవిలోనే ఉండిరి. ఆయన పిల్లలకొరకు ఏర్పరచిన పోటీలు నేటి ఉపాధ్యాయులకు గూడ పాఠముగా నిలువదగినవి. బంతిని ఒక్కడే తన్నుకొనుచు పోరాదు, వెంటనే తోడివానికి అందింపవలెనను నియమముతో కొన్ని పోటీలు జరిపించిరి. చేతగాని కాలితోనే తన్నవలెనని మరికొన్ని జరిపించిరి. మొదటిదానివలన స్వార్థము తగ్గి జట్టుకూర్పు పెరిగినది. రెండవదానివలన రెండు కాళ్లును సమముగా పనిచేయుట అలవడినది. వీనికి పెద్ద ఖర్చు లేదు. ఒక బంతి, ఒక బయలు, శ్రద్ధగల ఒక పంతులు చాలును.

1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు ఆయన శిక్షకులైరి. అటుపిమ్మట జరిగినది భారత క్రీడాచరిత్రలో ఒక గొప్ప అధ్యాయము. బొంబాయిలో జరుగుచుండిన రోవర్స్ కప్పును ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సారులు గెలిచెను. 1950లో మోహన్ బగాన్ జట్టును ఓడించి డ్యూరాండ్ కప్పును సంపాదించెను. మరల 1954లోను, 1957లోను ఆ కప్పు హైదరాబాదునకే వచ్చెను. 1961లో ఆంధ్ర పోలీసు అను పేరుతో అదే జట్టు దానిని ఇంకొకసారి గెలుచుకొనెను. ఈ జట్టునకు లాభమును కోరు యజమాని లేడు. ప్రభుత్వ శాఖయే దానిని పోషించెను. ఆటగాండ్రు ఆ శాఖలో ఉద్యోగులు. నెల తిరుగగానే జీతము చేతికందును. ఆట ముగిసిన పిమ్మట గూడ ఉద్యోగము నిలుచును. ఆ నిశ్చింతయే వారి కాళ్లకు బలమిచ్చెను.

దేశపు జట్టు బాధ్యతయు రహీంగారిపై పడెను. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో మన జట్టు ఇరానును ఓడించి స్వర్ణపతకము పొందెను. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్సులో పరాభవము కలిగెను. మనవారిలో పెక్కుమంది వట్టికాళ్లతో ఆడగా యుగోస్లావియా 10 గోలులు చేసెను. మనకు దక్కినది ఒక్కటి. రహీంగారు ఆ ఓటమిని పాఠముగా స్వీకరించిరి.

1956వ సంవత్సరము నవంబరు 1వ తేదీన కోయిలకుంట్లయు హైదరాబాదును ఒకే రాష్ట్రము క్రిందికి వచ్చినవి. సరిగా ఒక నెలకు, డిసెంబరు 1న, మెల్బోర్న్ ఒలింపిక్సులో భారతజట్టు ఆస్ట్రేలియాను దాని సొంతగడ్డపై 4-2 గోలులతో ఓడించెను. నెవిల్ డిసౌజా ఆనాడు 3 గోలులు చేసెను. ఒలింపిక్సు ఫుట్‌బాలులో సెమీఫైనలు చేరిన మొదటి ఆసియాదేశము మనదే. పతకము చేజారి నాలుగవ స్థానము దక్కినను, ఆ జట్టులో హైదరాబాదు మైదానములలో పెరిగినవారు పలువురు ఉండుట ఆ బడిపంతులు కృషికి నిదర్శనము. 1960లో రోము ఒలింపిక్సునందు మనవారు ఫ్రాన్సుతో 1-1 గోలులతో సమముగా నిలిచిరి.

ఇంత ప్రతిభ ఉన్నను పెత్తనము ఎవరి చేతిలో ఉన్నదను ప్రశ్న అప్పుడును లేకపోలేదు. 1950లో బ్రెజిలులో జరిగిన ప్రపంచ కప్పు పోటీకి భారతదేశమునకు అర్హత లభించెను. ప్రయాణవ్యయములో అధికభాగము భరింతుమని ఆతిథేయులు చెప్పినను మన సమాఖ్య జట్టును పంపలేదు. బూట్లు లేకపోవుటయే కారణమను కథ నేటికిని ప్రచారమున ఉన్నది. కాని ఒలింపిక్సునకు ఇచ్చిన విలువను ప్రపంచ కప్పునకు ఇయ్యకపోవుటయే అసలు కారణమని చరిత్రకారులు పలువురు చెప్పుదురు. ఏది ఏమైనను ఆ నిర్ణయము కొందరు అధికారులది. మైదానము చుట్టును నిలిచి చప్పట్లు కొట్టిన వేలాదిమందిని అడిగినవారు లేరు.

హైదరాబాదునకు మరొక చిక్కు గూడ ఉండెను. కలకత్తా క్లబ్బులకు ధనబలము ఎక్కువ. అచటి అభిమానసముద్రము ముందు మన మైదానము చిన్న చెరువు. సికిందరాబాదు బిడ్డయైన తులసీదాస్ బలరాం వంటి మేటి ఆటగాడు 1957లో ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరెను. అతనిని తప్పుపట్టరాదు, కాలి సత్తువ నిలుచు నాలుగేండ్లలోనే ఆటగాడు తన బ్రతుకును చక్కదిద్దుకొనవలెను. పోయినవారి స్థానములో క్రొత్తవారిని బడులనుండి తయారుచేయుటయే రహీంగారు ఎన్నుకొన్న మార్గము. కొనగల శక్తి లేనివానికి పెంచగల శక్తియే దిక్కు.

ఆయన జీవితమునకు కలశమువంటిది 1962వ సంవత్సరపు జకార్తా ఆసియా క్రీడ. అప్పటికే ఆయన శరీరమును క్యాన్సరు వ్యాధి తినుచుండెను. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. తరువాత థాయిలాండును, జపానును, సెమీఫైనలులో దక్షిణ వియత్నామును మనవారు ఓడించిరి. రక్షణపంక్తిలో ఆడు జర్నైల్ సింగునకు తలకు గాయమైనది. రహీంగారు అతనిని ఇంటికి పంపక, ముందువరుసలో నిలిపిరి. సెప్టెంబరు 4న జరిగిన ఫైనలులో మరల దక్షిణ కొరియాయే ఎదురైనది. రాజకీయ వివాదమువలన ప్రేక్షకులు మనవారిపై ఆగ్రహముతో ఉండిరి. ఆ హోరునడుమ పి.కె. బెనర్జీయు, గాయపడిన జర్నైల్ సింగును చెరియొక గోలు చేయగా భారతదేశము 2-1తో గెలిచెను. ఆసియా క్రీడల ఫుట్‌బాలులో అటుపిమ్మట మనకు స్వర్ణము దక్కలేదు.

1963 జూన్ 11వ తేదీన, 53 ఏండ్ల ప్రాయమున, రహీంగారు కన్నుమూసిరి. ఆయన కుమారుడు ఎస్.ఎస్. హకీం రోము ఒలింపిక్సు జట్టులో సభ్యుడు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీని గెలిచినది. ఆ పిమ్మట దీపము క్రమముగా కొడిగట్టినది. ఇచట మనము ఒక సత్యమును ఒప్పుకొనవలెను. రహీంగారు కట్టిన భవనము గొప్పదే గాని, దానికి ఆయన ఒక్కరే స్తంభము. జట్టు శాఖది, సంఘము అధికారులది, ప్రజలకు అందు వాటా లేదు, ఓటు లేదు. శాఖకు ఆసక్తి తగ్గినప్పుడు అడుగగల హక్కు ఎవ్వరికిని లేకపోయెను.

దాదాపు 50 ఏండ్లకు పైబడిన పిమ్మట మరల ఒక ఆశ చిగిర్చినది. 2019లో పూణే నగరపు క్లబ్బు ఆర్థికపు చిక్కులతో మూతపడగా, ఇండియన్ సూపర్ లీగులో దాని స్థానమున హైదరాబాద్ ఎఫ్.సి. అను క్లబ్బు వెలసినది. గచ్చిబౌలి మైదానము పసుపురంగుతో నిండినది. డెక్కన్ లీజియన్ అను అభిమానసంఘమువారు డప్పులతో జట్టువెంట నిలిచిరి. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్ జట్టును పెనాల్టీలలో ఓడించి హైదరాబాదు లీగు విజేత అయినది. రహీంగారి నగరము మరల తల యెత్తినదని ఎల్లరును సంతసించిరి.

ఆ సంతోషము రెండేండ్లు నిలువలేదు. 2023-24లో జీతములు అందక ఆటగాండ్రు ఒక్కొక్కరుగా వెడలిపోయిరి. బాకీలు తీర్చనందున క్రొత్త ఆటగాండ్రను చేర్చుకొనరాదని ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య నిషేధము విధించెను. విజేత జట్టు పట్టికలో అట్టడుగునకు జారినది. 2024లో క్లబ్బు చేతులు మారినది. 2025లో క్రొత్త యజమానులు దానిని ఢిల్లీకి తరలించి పేరు గూడ మార్చివేసిరి. పూణేనుండి వచ్చినది ఢిల్లీకి పోయినది. వచ్చునపుడు పూణేవారిని అడుగలేదు. పోవునపుడు హైదరాబాదువారిని అడుగలేదు. చొక్కాలు కొన్నవారి పెట్టెలలో చొక్కాలు మాత్రము మిగిలినవి.

ఇది మనకే పట్టిన దుర్గతి కాదు. ఇంగ్లండులో వింబుల్డన్ క్లబ్బును దాని యజమానులు 2003లో దూరపు పట్టణమైన మిల్టన్ కీన్సునకు తరలించిరి. అచటి అభిమానులు ఏడ్చి ఊరకుండలేదు. తరలింపునకు అనుమతి వచ్చిన 2002లోనే తామే చందాలు వేసికొని క్రొత్త క్లబ్బును స్థాపించిరి. దిగువ శ్రేణినుండి ఆడుచు 9 ఏండ్లలో, 2011లో, అది దేశపు ప్రధాన లీగు శ్రేణులలోనికి చేరినది. జర్మనీలో మరొక కట్టడి కలదు. కొన్ని మినహాయింపులు ఉన్నను, క్లబ్బు ఓట్లలో సగమునకు మించిన భాగము సభ్యుల చేతిలోనే ఉండవలెనని అచటి నియమము. ధనికుడు ధనము పెట్టవచ్చును గాని, క్లబ్బును మూటగట్టుకొని పోజాలడు.

కోయిలకుంట్లవారికి ఈ నీతి క్రొత్త కాదు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఈ ఊరి ఖజానాపై దాడి వెడలెను. 1847 ఫిబ్రవరి 22న ఇచటనే ఉరికంబ మెక్కెను. ఆనాడు పన్ను కట్టు రైతు కుందేటి ఒడ్డున ఉండెను. లాభము పంచుకొను వాటాదారులు లండనులో ఉండిరి. ప్రాణములొడ్డిన ఆ పోరాటమును ఒక ఆటతో పోల్చుట తగదు. అయినను ఇచ్చువాడొకచోట, లెక్క చూచువాడు వేరొకచోట ఉన్నప్పుడు ఏమి జరుగునో ఈ గడ్డకు తెలియును.

2024లో రహీంగారి జీవితముపై ఒక హిందీ చలనచిత్రము వచ్చుటతో ఆయన పేరు క్రొత్త తరమునకు తెలిసినది. కాని చిత్రము చూచి మురియుట వేరు, ఆయన పనిని కొనసాగించుట వేరు. అభిమానులకు ఓటు నిచ్చు చట్టము మన దేశమున రాగలదో లేదో కాలమే చెప్పవలెను. అంతవరకు ఉపాధ్యాయులు చేయదగిన పని ఒకటి కలదు. నంద్యాల, ఆళ్లగడ్డ, కోయిలకుంట్లల బడులలో సాయంత్రపుగంట మ్రోగిన పిమ్మట, ఒక్క బంతితో, ఒంటరిగా పోరాదను నియమముతో పిల్లలను ఆడింపవచ్చును. జట్టు చందాలు ఎంత, ఖర్చు ఎంత అను లెక్కను పిల్లల చేతనే వ్రాయించి, గోడపై అంటింపవచ్చును. ఆటతోపాటు లెక్క అడుగు అలవాటు గూడ చిన్ననాడే అబ్బినచో, రేపు వారు అభిమానులై కూర్చుండు మైదానమును ఎవ్వరును వారికి తెలియకుండ తరలింపజాలరు.